కొత్త పెట్టని పెన్ను

మా అయ్యకి చదవడం రాదు, రాయడం రాదు. అయినా ఆ వేసవిలో, ఏడేళ్ళకి మళ్ళీ డీఎస్సీ నోటిఫికేషన్ పడిందని సంతలో ఎవరో చెప్పగానే, ఉల్లిపాయలు కొనడం మర్చిపోయి ఇంటికొచ్చాడు. "అమ్మీ, నీ పరిచ్చకి పెన్ను నాను సేత్తాను," అన్నాడు.

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. ఉల్లిపాయలేవని అడిగింది.

మాది అరకు దాటాక జీపు దిగి, గెడ్డ వాగు పక్కనే ముప్పావుగంట నడిస్తే వచ్చే ఊరు, దుంపగెడ్డ. ముప్పై రెండు గడపలు, ఒక్క గది బడి. ఆ బడిలో నేను భాషా వలంటీరుని. పిల్లలకి మా భాషలో కథలు చెప్పి, మెల్లిగా తెలుగు అక్షరాల్లోకి దించడం నా పని. మాస్టారు బదిలీ మీద వెళ్ళిపోయి మూడేళ్ళయినా ఇంకొకరు రాలేదు. దాంతో పేరుకి వలంటీరునే గానీ పాఠాలూ నేనే, హాజరూ నేనే, గుడ్లు లెక్కపెట్టి ఉడకబెట్టించేదీ నేనే. జూన్ వచ్చిందంటే మళ్ళీ నన్ను ఉంచుతారో లేదో తెలియదు. పోస్టు ఒక్కటి వస్తే ఆ బడిలో దర్జాగా కుర్చీ వేసుకుని కూర్చోవచ్చని నా ఆశ.

కిందటిసారి రెండు మార్కుల్లో పోయింది. అప్పుడు ఏజెన్సీ టీచరు పోస్టులు ఏజెన్సీ వాళ్ళకే అన్న జీవో ఉండేది. ఈసారికి అది కోర్టులో పోయింది. మా కొండల్లో పోస్టుకి ఇప్పుడు కింద వాళ్ళెవరైనా పోటీకి రావచ్చు. నాకు ముప్పై నాలుగు. మళ్ళీ ఏడేళ్ళు ఆగాలంటే నలభై ఒకటి.

మా ఇంట్లో మాట్లాడుకునేది ఒడియా కలిసిన మా మాట. అయ్య మాత్రం పెళ్ళికి ముందు పదేళ్ళు మైదానంలో, బొమ్మలు చేసే ఊళ్ళో లేతు పని చేసి వచ్చిన మనిషి. కోపమొచ్చినా సంతోషమొచ్చినా తెలుగులోకి దిగిపోతాడు. ఆ వేసవంతా తెలుగే మాట్లాడాడు. కిందనుంచి వచ్చేటప్పుడు నాలుగు ఉలులు, కాసిన్ని లక్క ముద్దలు తెచ్చుకున్నాడు. పాత కుట్టుమిషను తొక్కుడుకి తాడు బిగించి లేతు తయారు చేసుకున్నాడు. దాని మీద మంచం కోళ్ళు, బొంగరాలు, అరకు దుకాణాలకి కుంకుమ భరిణెలు తీసేవాడు. పెన్ను మాత్రం ఎప్పుడూ తీయలేదు. దుకాణంలో ఒక టూరిస్టు జేబుకి చూశాడట, రంగు రంగుల కర్ర ముక్కలు అతికించి చారలు చారలుగా చేసిన పెన్నుని. అది కళ్ళలో పడిపోయింది.

"ఒక్క కర్రతో అయితే ఎవుడైనా సేత్తాడు. నాను అతుకుల పెన్ను సేత్తాను. మనింట్లో కర్రలన్నీ నీతో పరిచ్చకి రావాల," అన్నాడు.

మర్నాటి నుంచి ఇంట్లో కర్ర వస్తువన్నదానికి భద్రత లేకుండా పోయింది. గాలివానకి పడిన పనస మోడులోంచి పసుప్పచ్చటి ముక్క కోశాడు. ఎండిపోయిన కాఫీ మొక్క మొదలు తవ్వి, మీగడ రంగు కర్ర తీశాడు. చూరులో ఎప్పుడో దోపుకున్న ఇరుగుడు ముక్క, నల్లటిది, అదీ దిగింది. ఒకరోజు నా చిన్నప్పటి పలక చట్రం పట్టుకుని కూర్చున్నాడు. పలక పగిలి పాతికేళ్ళయింది. చట్రం దాచాడని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంకో ఉదయం అమ్మ సామలు దంచబోయి రోకలి ఎత్తి, దాన్ని కిందా మీదా చూసింది.

"రోకలి కోసీసినావా? రేపట్నించి దేంతో దంచాల? నీ పెన్నుతోనా?"

"బెత్తెడే కోసినానే. గట్టి మద్దికర్ర అది. ఈ గుంట తిన్న ప్రతి మెతుకూ దాని కింద నలిగిందే గదా. దాన్ని ఒగ్గీసి పెన్ను సేత్తే ఎలాగ?" అన్నాడు నన్ను చూపించి.

అమ్మ ఆ రోజు నుంచి కాస్త వంగి దంచడం అలవాటు చేసుకుంది.

పని నేను అనుకున్నదానికన్నా చాలా పెద్దది. కర్రల్ని రూపాయి బిళ్ళ మందాన బిళ్ళలుగా కోయాలి. ఒక్కో బిళ్ళ రెండు ముఖాలూ గరుకు కాగితం మీద రుద్దాలి. రెండు బిళ్ళలు జోడించి వెలుతురుకి ఎత్తిపట్టి, మధ్యలోంచి సన్నటి గీత కూడా కనబడకపోతేనే బంక రాయాలి. అలా ఒకదాని మీద ఒకటి పేర్చి అతికించి, సైకిలు ట్యూబు పీలికలతో బిగించి, మూడు రోజులు ముట్టుకోకూడదు. ఆ మూడు రోజులూ అయ్య ఇంట్లో పసిపిల్ల పడుకున్నట్టు అడుగులో అడుగు వేసుకుంటూ తిరిగేవాడు.

మే నెలలో రోజూ సాయంత్రం ఉరుములు, వాన, పొద్దున్నే మంచు. మొదటి దిమ్మ మూడు రోజులకీ సరిగా ఆరలేదు. అయ్య ఆగలేకపోయాడు. లేతుకి బిగించి తొక్కడం మొదలుపెట్టి ఉలి ఆనించాడో లేదో, టప్పుమని దిమ్మ విచ్చిపోయి బిళ్ళలు గదంతా చిమ్మాయి. ఒకటి వచ్చి ఆయన కనుబొమ మీద తగిలింది. నెత్తురు చెంప మీదికి కారుతుంటే, నేల మీద దొర్లిన బిళ్ళలు ఏరుకుని ఒక్కోదాని ముఖం చూసుకుంటున్నాడు.

"బంకది తప్పు కాదు, నాదే. కర్రలో నీరు ఆరనేదు," అన్నాడు. "మనూరి గాలే తడిగాలి."

మళ్ళీ కొత్తగా బిళ్ళలు కోసి, తీగకి గుచ్చి, పొయ్యి మీద దండెంలా కట్టాడు. పన్నెండు రోజులు పొగలో ఎండాయి. చేపలు ఎండబెట్టుకున్నట్టుందని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చూపించింది.

నేను ఆ రోజుల్లో పొద్దస్తమానం ఊరి పైన బండ మీద కూర్చునేదాన్ని. ఫోనుకి సిగ్నల్ అక్కడే. బొటనవేలితో మాదిరి పరీక్షలు రాస్తూ, తప్పులు చూసుకుంటూ, ఒక్కోసారి ఏడుస్తూ. కింద కోచింగుల్లో చదివేవాళ్ళకి వచ్చే మార్కులు ఆ ఫోనులోనే కనబడేవి. వాళ్ళకీ నాకూ మధ్య దూరం ఎంతో నాకు బాగా తెలుసు. అయ్యకి తెలియదు. అందుకే ఒకరోజు కనీసం ఒక ముక్క చెబుదామని లేతు దగ్గర కూర్చున్నాను.

"అయ్యా, ఈసారి పరీక్ష కంప్యూటర్ మీద. పెన్నుతో రాసేది ఉండదు."

తొక్కుడు ఆపాడు. "అయితే లెక్కలు దేని మీద సేత్తావు?"

"రఫ్ కాగితం ఇస్తారు."

"దాని మీద ఏలితో రాత్తావేటి?"

"పెన్నుతోనే."

"మరింకేటి!" అని తొక్కుడు మొదలుపెట్టాడు.

జూన్ మొదట్లో హాల్ టికెట్ తీసుకోవడానికి అరకులో నెట్ షాపుకి వెళ్ళాను. మధ్యాహ్నం రెండున్నరకి పరీక్ష, విశాఖ అవతల ఒక ఇంజినీరింగ్ కాలేజీ. కింద సన్నటి అక్షరాల్లో నిబంధనలు. తొమ్మిదోది చదివి ఆగిపోయాను. లోపలికి పారదర్శకమైన బాల్ పెన్ను మాత్రమే అనుమతి.

షాపు కుర్రాణ్ణి అడిగాను. "లోపల రీఫిల్ బయటికి కనబడాలక్కా. ఇదిగో, ఇలాంటిది," అని డ్రాయరులోంచి గాజులా ఉన్న ప్లాస్టిక్ పెన్ను తీసి చూపించాడు. కొన్నాను. సంచి అడుగున, తువ్వాలు కింద పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి అయ్య ముఖం వెలిగిపోతోంది. దిమ్మకి నిలువునా బెజ్జం పెట్టేశాడు. అందులోకి రీఫిల్ ఆడేందుకు ఇత్తడి గొట్టం కావాలి, ఎక్కడా దొరకలేదు. చివరికి పదేళ్ళుగా మూగగా పడున్న రేడియో గుర్తొచ్చింది. దాని ఏరియల్‌లో లావుపాటి కణుపు పైకి వెండిలా మెరిసినా లోపల ఇత్తడే. కోసి దూర్చితే రీఫిల్ అచ్చంగా సరిపోయింది.

"కొలిసి ఎట్టినట్టుంది సూడమ్మీ! ఈ ఏరియలు కట్టినోడికి నీ పెన్ను సంగతి తెలుసు." పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక అడిగాడు, "కాయితం వొచ్చిందా?"

"వచ్చింది."

"ఏటి రాసుంది అందులో?"

"సెంటరు పేరు, టైము."

అంతే చెప్పాను. ఒక్క వాక్యం, దాన్ని నోట్లోనే ఉంచేసుకున్నాను. ఇంత చేశాక చెప్పడమేమిటి, గేటు దాకా పట్టుకెళ్ళి సంచిలో వదిలేస్తే ఆయనకి తెలిసేదేముంది అనుకున్నాను. ఆ వేసవిలో నేను రాసిన తప్పు జవాబుల్లో అదే పెద్దది.

చివరి రెండు రోజులు లక్క పని. తిరుగుతున్న కర్ర మీద లక్క ముద్ద ఆనిస్తే వేడికి కరిగి అంటుకుంటుంది. దాని మీద కింద ఊరి నుంచి తెప్పించుకున్న మొగలి ఆకు నొక్కిపట్టి సాపు చేస్తాడు. రంగు లక్క వేయలేదు. కర్రల రంగులు కనబడాలని ఉత్త లక్కే వేశాడు. అయిపోయాక నా చేతిలో పెట్టాడు.

పెన్ను చాలా బాగుంది. ఈ మాట మా అయ్య చేశాడని అనడం లేదు. పసుపు, మీగడ, నలుపు, ఎరుపు చాయ, మళ్ళీ పసుపు, సన్నటి కట్లుకట్లుగా. గోరుతో గీరినా అతుకు ఎక్కడుందో తగలదు. మధ్యలో పలక చట్రం ముక్క ఏదో ఆయన చూపిస్తే గానీ నాకు తెలియలేదు. మూత తీసి అరచేతి మీద రాసి చూడబోయాను.

"ఆగాగు!" అని చెయ్యి పట్టుకున్నాడు. "కొత్త ఎట్టకుండా రాసీడవేటి?"

మా ఊళ్ళో కొత్త పండగ చేయకుండా ఎవరూ మామిడిపండు నోట పెట్టరు. చెట్టు కింద రాలి కుళ్ళిపోయినా సరే, దేవతకి పెట్టి, కోడి కోసి, అప్పుడు ఊరంతా ఒకేసారి తినాలి. సామలకీ అంతే, చిక్కుళ్ళకీ అంతే. పెన్నుకి ఎవరూ కొత్త పెట్టగా నేను చూడలేదు.

"దీనికి కొత్త పరిచ్చలోనే. మొదటి అచ్చరం అక్కడ పడాల," అన్నాడు. చేటలో గుప్పెడు బియ్యం పోసి, పెన్ను వాటి మీద పడుకోబెట్టి, నట్టింటి గుంజ మొదట్లో పెట్టాడు.

పరీక్ష రోజు కోడి కూయకముందే లేచి, చేట ముందు పసుపు నీళ్ళు చల్లి, ఏదో గొణుక్కుని పెన్ను తీసి ఇచ్చాడు. తనూ వస్తానన్నాడు. వద్దంటే వినలేదు. ఉతికిన పంచె, ఇస్త్రీ లేని తెల్ల చొక్కా. మొదటి జీపు పట్టుకుని అరకు, అక్కడ బస్సు. ఘాట్ దిగుతున్నంతసేపూ కిటికీలోంచి చల్లగాలి వచ్చింది. కొండ దిగాక అది వేడిగాలి అయిపోయింది.

కాలేజీ దగ్గరికి వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. గేటు ముందు షామియానా, దాని కింద వందల మంది. తాడు కట్టి రెండు వరసలు చేశారు. సంచులు, ఫోన్లు లోపలికి కుదరవు. రెండింటికి గేటు మూసేస్తామని మైకులో చెబుతూనే ఉన్నారు. నేను సంచి ముందు అరలో అయ్య పెన్ను పెట్టి జిప్పు లాగాను. హాల్ టికెట్, ఆధార్ కార్డు, వాటి మధ్య ఇరికించి ప్లాస్టిక్ పెన్ను తీసుకున్నాను.

"అయ్యా, సంచి జాగ్రత్త. నేను వచ్చేదాకా ఆ చెట్టు కింద కూర్చో."

"బేగి ఎల్లు. బెదరకు," అన్నాడు.

వరస నెమ్మదిగా జరిగింది. నా ముందు ఇంకా ముగ్గురు ఉండగా వెనకనుంచి గొంతు వినబడింది.

"అమ్మీ! రమణీ! పెన్ను మర్సిపోనావు!"

మంచినీళ్ళ సీసా కోసం సంచి తెరిచాడట. పెన్ను కనబడేసరికి గుండె ఆగినంత పనైందని తర్వాత చెప్పాడు. తాడు పక్కనుంచి పరుగెత్తుకుంటూ వస్తున్నాడు, పంచె ఒక చేత్తో ఎత్తిపట్టుకుని. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన చూడలేదు. నేరుగా గేటు దగ్గర సెక్యూరిటీ అతని చేతిలో పెన్ను పెట్టేశాడు.

"బాబూ, ఇది మా గుంటది. కొంచెం ఇచ్చీండి."

అతను పెన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. బాగుందనే అనుకుని ఉంటాడు, ముఖంలో కనబడింది. అలవాటుగా చేతిలో ఉన్న మెటల్ డిటెక్టర్ దాని మీద తిప్పాడు. కుయ్యిమంది.

"ఇందులో ఏముంది?"

మా అయ్యకి అబద్ధం ఆడాలని తోచదు. పైగా ఆ గొట్టం సంగతి ఎవరైనా అడిగితే బాగుండునని వారం రోజులుగా చూస్తున్నాడు.

"రేడియో ఏరియలు బాబూ," అన్నాడు, నవ్వుతూ.

సెక్యూరిటీ అతను గబగబా లోపల్నుంచి సారుని పిలిచాడు. సారు మెడలో బ్యాడ్జీ, చేతిలో కాగితాల అట్ట. ముందురోజే ఎక్కడో ఒకడు చెవిలో మిషనుతో దొరికాడని అక్కడివాళ్ళు అనుకుంటున్నారు. ఆయన ఉద్యోగం ఆయనది.

"ఇదెవరిది?" అన్నాడు సారు. వరసలో నా వైపు చూశాడు. "మీదా అమ్మా? మీదైతే పక్కకి రండి. రిపోర్టు రాయాలి."

గేటు పైన గడియారం ఉంది. రెండుకి ఎనిమిది నిమిషాలు. నా పిడికిట్లో ప్లాస్టిక్ పెన్ను చెమటకి జారిపోతోంది.

"నాది కాదు సార్," అన్నాను.

అయ్య నన్ను చూశాడు. నా చేతిలో ఉన్న పెన్నుని చూశాడు. ఒక్క క్షణమే. తర్వాత సారు వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"నాదే బాబూ. నానే సేసినాను. ఆ గుంటకి ఏటీ తెల్దు. ఆ గుంటని ఎల్లనీండి."

సారు నా హాల్ టికెట్ చూసి, ప్లాస్టిక్ పెన్ను చూసి, వెళ్ళమని చెయ్యి ఊపాడు. అయ్యని ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టారు. నేను గేటు లోపలికి నడిచాను. వెనక్కి తిరిగి చూడలేదు. సారు పక్కన ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పట్టకారు అడగడం వినబడింది. తర్వాత కర్ర విరిగిన చప్పుడు, ఎండుపుల్ల తొక్కితే వచ్చేంత. నాకు మాత్రం అది మెదడులో విరిగినట్టే ఉంది.

ఏసీ గది. తెర మీద ప్రశ్నలు, మౌసు, మూలన తగ్గిపోతున్న నిమిషాలు. రఫ్ కాగితం ఇచ్చారు. దాని మీద ఒక్క గీత కూడా గీయలేదు. పరీక్ష రాశాను. బాగా రాశానో లేదో నాకు గుర్తులేదు. పసిపిల్లల మనస్తత్వం గురించి ఒక ప్రశ్న వచ్చింది, పిల్లవాడు తప్పు చేసినప్పుడు ఉపాధ్యాయురాలు ఏం చేయాలని. నాలుగు జవాబులూ చదివాను. నాలుగూ సరైనవిలాగే కనిపించాయి.

బయటికి వచ్చేసరికి ఎండ తగ్గింది. అయ్య గేటు బయట అరుగు మీద కూర్చున్నాడు. ఎవరో మంచినీళ్ళిచ్చి పంపేశారట. లోపల మిషనేమీ లేదని తేలాక సారు, "ఏం తాతా, ఇలాంటివి తెస్తారా," అని కూడా అన్నాడట. కోప్పడలేదని అయ్య రెండుసార్లు చెప్పాడు. తువ్వాలులో పెన్ను ముక్కలున్నాయి. గొట్టం నొక్కుకుపోయింది. కర్ర మూడు చోట్ల విరిగింది.

"అయ్యా," అన్నాను.

ఆయన ఒక ముక్క తీసి నాకు చూపించాడు. విరిగిన చోటు పనస బిళ్ళ నడిమధ్యన ఉంది.

"సూడు. అతుకు కాడ ఊడనేదు. కర్రే ఇరిగింది," అన్నాడు. "ఈసారి బాగా ఆరింది."

బస్సులో నా పక్కనే కూర్చుని అరకు దాకా నిద్రపోయాడు, లేదా నిద్రపోతున్నట్టు ఉన్నాడు. నా పెన్ను పనికిరాదని నీకు ముందే తెలుసా అని ఆయన అడగలేదు. అడిగితే చెబుదామని ఆ ఘాట్ రోడ్డంతా సిద్ధంగా కూర్చున్నాను. ఇప్పటిదాకా అడగలేదు.

ఫలితాలు వానల్లో వచ్చాయి. ర్యాంకు వచ్చింది, పోస్టు రాలేదు. రెండు మార్కుల్లో కూడా కాదు, పద్నాలుగు మార్కుల్లో. గేటు దగ్గర జరిగినదానివల్లే పోయిందని చెప్పుకుంటే నాకు కాస్త సుఖంగా ఉండేది. ఊళ్ళో వాళ్ళు అలాగే అనుకుంటారు, నేనూ కాదనలేదు. కానీ బండ మీద కూర్చుని ఫోనులో మార్కులు చూసుకున్న మనిషిని, నాకు తెలియదా? ఆ పెన్ను లోపలికి వచ్చినా, రాకపోయినా, అసలు పుట్టకపోయినా అంతే. అప్పుడు నాది కాదని ఎందుకన్నాను? దక్కనిదాని కోసం అన్నాను.

అయ్య లేతు జోలికి మళ్ళీ వెళ్ళలేదు. దుకాణం వాళ్ళు భరిణెల కోసం కబురు పెడితే కన్ను ఆనడం లేదన్నాడు. అమ్మ తొక్కుడు మీద ఉల్లిపాయల బుట్ట పెట్టుకుంది. పెన్ను ముక్కలు మాత్రం చేటలో, గుంజ మొదట్లోనే ఉన్నాయి. ఒకసారి ఇల్లు అలుకుతూ అమ్మ తీసేయబోతే, "కొత్త ఎట్టనిదాన్ని పారేత్తారేటి?" అన్నాడు. అలికినప్పుడల్లా అమ్మ వాటి చుట్టూ చెయ్యి తిప్పుకుని అలుకుతుంది.

దసరా సెలవులు అయిన తర్వాత మా బడికి కొత్త టీచరు వచ్చింది. పేరు సాయిదుర్గ. మైదానం అమ్మాయి, పాతికేళ్ళుంటాయి. ఘాట్ రోడ్డులో వాంతులై, గెడ్డ పక్క నడకలో చెప్పు తెగి, బడి మెట్ల మీద కూలబడింది. నేనే నీళ్ళిచ్చాను. పిల్లలు చుట్టూ చేరి తన జడగంటలు చూస్తూ మా భాషలో ఏదో అంటే, "ఏమంటున్నారండీ?" అని నన్ను అడిగింది. జడ బాగుందంటున్నారని చెప్పాను. నవ్వింది. మంచి పిల్ల. మంచి పిల్ల కాకపోతే బాగుండుననిపించింది.

మూడేళ్ళుగా నేను సంతకం పెట్టని టీచరు గడిలో, రిజిస్టరులో, తన పేరు రాసుకోవడానికి కూర్చుంది. హ్యాండ్ బ్యాగంతా వెతికింది.

"పెన్నుందాండీ?"

సంచి అడుగున తువ్వాలు కింద చెయ్యి పెట్టాను. అదే ఉంది. ఇచ్చాను. తను పేరు రాసి, సంతకం పెట్టి, తారీఖు వేసింది. పెన్ను తిరిగి ఇస్తూ, "మీరు కూడా రాశారా అండీ, డీఎస్సీ?" అంది.

"రాశానండీ."

"వచ్చేసారి వచ్చేస్తుంది లెండి. మీరుంటారు కదా నాకు తోడు?"

ఉంటానని తలూపాను. రెగ్యులర్ టీచరు చేరిన బడికి వలంటీరు అక్కర్లేదన్న కాగితం అప్పటికే వచ్చి నా సంచిలోనే ఉంది. ఆ మాట ఆ పూట తనకి చెప్పాలనిపించలేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ వంగి సామలు దంచుతోంది. అయ్య గుంజకి ఆనుకుని కూర్చున్నాడు. కొత్త టీచరమ్మ వచ్చిందని ఊరంతా అప్పటికే తెలుసు.

"సంతకం ఎట్టీసిందా?" అన్నాడు.

"పెట్టింది."

"ఏ పెన్నుతోటి?"

చెప్పకుండా ఉండొచ్చు. ఒకసారి చెప్పకుండా ఉన్నాను, చాలు.

"నాది. ప్లాస్టిక్ ది."

అయ్య చేట వైపు చూశాడు. అమ్మ దంచడం ఆపింది.

"బాగా రాసిందా?" అన్నాడు.

"రాసింది అయ్యా," అన్నాను.